బిడియపడే పిల్లలకు తరగతి గదిలో ఒక ఆటల మూల ఇప్పించండి

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, మండల విద్యాధికారులకు, ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారాలు.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు పిల్లలు ఉంటారు. హాజరు పిలిస్తే చెయ్యి పైకి లేస్తుంది కానీ గొంతు లేవదు. దాహం వేసినా అడగరు. పక్కవాడు పెన్సిల్ లాక్కున్నా చెప్పరు. భోజనాల వేళ కంచంలో గుడ్డు పడకపోయినా అలాగే తిని లేచిపోతారు. అల్లరి చేయరు కనుక వాళ్లతో ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇబ్బంది లేదు కనుక ఏ సమీక్షా సమావేశంలోనూ వాళ్ల ప్రస్తావన రాదు. ఈ లేఖ వాళ్ల తరఫున రాస్తున్నాను.

అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు రోజుకు ఒక పీరియడ్ గది లోపలి ఆటలకు టైంటేబుల్లో రాయించండి. ఆ ఆటలకు ప్రతి గదిలో ఒక మూల కేటాయించండి. ఆ పీరియడ్‌లో పోటీలు, బహుమతులు, మార్కులు, చూసేవాళ్లు ఉండకూడదు.

బిడియం పోగొట్టడానికి మన బడులకు తెలిసిన పద్ధతి, పిల్లను లేపి అందరి ముందూ నిలబెట్టడం. ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పిస్తాం. ఆగస్టు 15కు ఉపన్యాసం బట్టీ పట్టిస్తాం. నవంబరు 14కు వేషం కట్టి వేదిక ఎక్కిస్తాం. ఉద్దేశం మంచిదే. కొద్దిగా వెనకాడే పిల్లలకు అది పనికొస్తుంది కూడా. నిజంగా భయపడే పిల్లకు మాత్రం అక్కడ గుండె దడదడలాడుతుంది, గొంతు బిగుసుకుంటుంది, చూపు నేలను వదిలి పైకి రాదు. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. "గట్టిగా చెప్పమ్మా" అని వెనక నుంచి మనం అంటాం. కిందికి దిగేసరికి ఆ పిల్ల ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటుంది: మాట్లాడాల్సి వచ్చే చోటికి ఇక పోకూడదు. మళ్లీ కార్యక్రమం ఉన్న రోజున కడుపునొప్పి అంటుంది. ఆ నొప్పి దొంగ నొప్పి కాదు. దిగులు పట్టిన పిల్లలకు నిజంగానే కడుపు నొప్పి వస్తుంది, నిజంగానే వాంతి అవుతుంది.

ఆటస్థలం కూడా అందరిదీ కాదు. కబడ్డీ, ఖోఖో, క్రికెట్ గట్టిగా అరవగలిగేవాళ్ల ఆటలు. జట్లు పంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోయేది బిడియస్థులే. చాలా ప్రాథమిక పాఠశాలలకు వ్యాయామ ఉపాధ్యాయులు లేరు కనుక, విడిచిపెట్టిన గంటలో బలమున్నవాడిదే రాజ్యం. చెట్టు మొదట్లో నిలబడి చూస్తూ ఉండే పిల్లలను ఎవరూ లోపలికి లాగరు. పిల్లలు ఎండలో పరుగెత్తాలి, మట్టిలో దొర్లాలి, అందులో నాకు సందేహం లేదు. మైదానపు గంటలో ఒక్క నిమిషం కూడా తగ్గించమని నేను అడగను. అయితే పరుగెత్తే ధైర్యం లేనివాళ్లకు ముందుగా కూర్చునే ఆట కావాలి. నాలుగు గోడల మధ్య, రోజూ అదే చాప మీద, అదే ఇద్దరు ముగ్గురితో, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన ఆట కావాలి. భయపడే పిల్లకు అన్నిటికన్నా పెద్ద ఊరట, తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియడం. పైగా మన వాతావరణంలో జూలై వానలకు, మార్చి దాటాక ఎండలకు మైదానం ఎలాగూ ఖాళీగా ఉంటుంది.

బిడియం చెడ్డ పెంపకం వల్ల వస్తుందని కొందరు తల్లులను నిందిస్తారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ కేగన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 4 నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు పరిచయం చేసి చూశాడు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ గట్టిగా ఏడ్చారు. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, వాళ్లలో చాలామంది పెరిగాక కూడా కొత్త చోట్ల, కొత్త మనుషుల ముందు వెనకాడుతున్నట్టు తేలింది. అంటే కొందరు పిల్లలు ఆ స్వభావంతోనే పుడతారు. అయితే అందరూ పిరికివాళ్లుగా మిగిలిపోలేదు. కొత్తదాని నుంచి పూర్తిగా దాచిపెట్టకుండా, అలాగని ఒక్కసారిగా అందులోకి తోసేయకుండా, చెయ్యి పట్టుకుని కొంచెం కొంచెంగా అలవాటు చేసిన ఇళ్లలో పిల్లల భయం తగ్గింది. ఆ కొంచెం కొంచెం అన్నది బడిలో దొరకాలంటే ఆటకు మించిన దారి నాకు కనిపించలేదు.

ఇది దయతో చేసే అదనపు పని అని ఎవరైనా అనుకుంటే, చట్టం అలా అనలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్, బోధన ఎలా ఉండాలో చెబుతూ, పిల్లలను భయం నుంచి, మానసిక గాయం నుంచి, ఆందోళన నుంచి విముక్తులను చేయాలనీ, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పుకునేలా వారికి తోడ్పడాలనీ స్పష్టంగా రాసింది. ప్రతి తరగతికీ అవసరమైన మేరకు ఆట వస్తువులు ఇవ్వాలని అదే చట్టం అనుబంధంలో ఉంది. మన దేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా గుర్తించింది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశ అంటూ ఆ దశలో చదువు ఆటపాటలతోనే సాగాలని చెప్పింది. కాగితం మీద అనుమతి ఉంది. లేనిది టైంటేబుల్లో ఒక గడి, ఆ గడిని లెక్కల సిలబస్ కోసం మింగేయకుండా కాపాడే ఒక ఉత్తర్వు.

ఏ ఆటలు అని అడుగుతారు. మన ఇళ్లలో అరుగుల మీద ఆడినవే. ఒక్కొక్కటి బిడియస్థులకు ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూశాను కనుక కాస్త వివరంగా చెబుతాను.

మొదట వామనగుంటలు. ఇద్దరే ఆడతారు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, చింతగింజలు. ఆట అంతా చేతులదే, ఒక్క మాట కూడా అక్కరలేదు. చూపు ఎదుటి మనిషి ముఖం మీద కాక గుంటల మీద ఉంటుంది. ముఖంలోకి చూడలేని పిల్లలకు ఇది ఎంత సుఖమో పక్కన కూర్చుంటే తెలుస్తుంది. చెక్క పలక కొనక్కరలేదు. మధ్యాహ్న భోజనానికి వచ్చే కోడిగుడ్ల అట్టను బాగా ఎండబెట్టి రెండు వరుసలు కత్తిరిస్తే ఆరేసి గుంటలు వస్తాయి, అవి చాలు. కొన్నాళ్లకు గింజలు పంచుతూ పంచుతూ పిల్ల పెదవులు కదులుతాయి, లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. అది ఎవరి కోసమూ పలికిన మాట కాదు. అందుకే ధైర్యంగా వస్తుంది.

తర్వాత అష్టాచెమ్మా. ఐదు గళ్ల చొప్పున ఐదు వరుసలు నేల మీద సుద్దతో గీయవచ్చు. నాలుగు గవ్వలు, నలుగురు ఆటగాళ్లు. ఇక్కడ నోరు విప్పాల్సిన అవసరం మొదటిసారి వస్తుంది. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఆ మాట ఉపాధ్యాయురాలు చెప్పించే మాట కాదు, ఆట చెప్పించే మాట. పందెం పడిన ఊపులో "చెమ్మా!" అని అరిచాక ఆ పిల్లే ఉలిక్కిపడి చుట్టూ చూస్తుంది. ఎవరూ పట్టించుకోరు, అందరి కళ్లూ గవ్వల మీదే ఉంటాయి. అలా ఎవరూ పట్టించుకోకపోవడమే ఆ పిల్లకు మేలు. ఇంకో సంగతి, ఇందులో తెలివైనవాళ్లే గెలవాలని లేదు, గవ్వలు అందరికీ సమానం. క్లాసులో ఎప్పుడూ మొదటి వరుసలో కూర్చునే పిల్లవాడి కాయను, ఎప్పుడూ మాట్లాడని పిల్ల చంపి వెనక్కి పంపగలదు. ఎదుటివాడికి అడ్డు చెప్పడం, అడ్డు చెప్పినా స్నేహం చెడకపోవడం, ఈ రెండూ భయపడే పిల్లలకు తెలియవు. ఇక్కడ తెలుస్తాయి. ఓడిపోతే ఏడుపు వస్తుంది, రానివ్వాలి. మర్నాడు అదే గడి దగ్గర మళ్లీ కూర్చుంటే, ఓటమి తర్వాత కూడా చోటు ఉంటుందని తెలుస్తుంది.

పులి-మేక కొంచెం పెద్దవాళ్లకు. 3 పులులు, 15 మేకలు. మేకలవైపు ఉన్నవాళ్లు తొందరపడితే పోతారు, ఓపికగా ఒకదానికొకటి కాపు పెట్టుకుంటూ పులిని కట్టేయాలి. మెల్లగా ఆలోచించే, గొడవపడని పిల్లలకు ఇది అచ్చొచ్చిన ఆట. తమ నిదానం లోపం కాదని వాళ్లు మొదటిసారి గ్రహించేది ఇక్కడే.

అన్నిటికన్నా బలమైనది బొమ్మల ఆట. బువ్వాలాట, బొమ్మల పెళ్లి, కొట్టు ఆట, ఆసుపత్రి ఆట, బడి ఆట. సొంత గొంతుతో పలకలేనివాళ్లు బొమ్మ గొంతుతో పలుకుతారు. సూది అంటే వణికిపోయే పిల్లవాడు ఆసుపత్రి ఆటలో తానే డాక్టరై బొమ్మకు సూదులు పొడుస్తాడు. నా తరగతిలో బయటికి మాటే రాని ఒక పాప బొమ్మలను వరుసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. ఒకరోజు ఒక బొమ్మను పట్టుకుని "నోట్లో నాలుక లేదా నీకు?" అని గద్దించింది. ఎక్కడో ఎవరో తనను అన్న మాట అది. ఆ పాపను ఏ భయం బాధిస్తోందో ఎంత అడిగినా చెప్పేది కాదు, ఆట చెప్పింది. పిల్లల మనసు తెలుసుకోవడానికి వైద్యులు ఆటను వాడేది ఇందుకే. ఉపాధ్యాయులం మనం వైద్యం చేయనక్కరలేదు, వినగలిగితే చాలు.

తోలుబొమ్మలాట పుట్టిన నేల మనది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈనాటికీ ఆ కళాకారులు ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర వెనక నిలబడి పలకడం అన్న ఏర్పాటు బిడియస్థులకోసమే చేసినట్టు ఉంటుంది. పాత చీర కిటికీకీ బీరువాకీ కట్టి, వెనక ఒక టార్చిలైటు పెట్టి, అట్టతో కత్తిరించిన మేకనూ పులినీ పిల్లల చేతికి ఇవ్వండి. ముందు "మే" అన్న అరుపు వస్తుంది. జంతువు అరుపుకు తప్పొప్పులు లేవు కనుక భయం లేదు. తర్వాత గుసగుస, తర్వాత ఒక మాట, తర్వాత వాక్యం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, తెలుగువాళ్లకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి పిల్లలను ఆటపాటలతో మైకు ముందుకు తెచ్చారు. రేడియోలో వినేవాళ్లు ఎదురుగా కనబడరు. కళ్ల ముందు జనం లేకుండా గొంతు విప్పే చోటు పిల్లలకు ఇవ్వాలన్న ఆలోచన మనకు కొత్త కాదు.

ఇప్పుడు జత గురించి. ఎవరితో ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఆట కన్నా ముఖ్యం. చురుకైన పిల్లను తోడు ఇస్తే ఈమె కూడా చురుకవుతుందని మనకు అనిపిస్తుంది. తరచూ జరిగేది వేరు, ఆ చురుకైన పిల్లే ఇద్దరి తరఫునా మాట్లాడేస్తుంది. ఫర్మన్, రాహె, హార్టప్ అనే అమెరికన్ పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా ఉండిపోయే 24 మంది పసిపిల్లలను మూడు బృందాలు చేశారు. కొందరికి తమకన్నా చిన్నవాళ్లను ఆటకు తోడిచ్చారు, కొందరికి ఈడువాళ్లను ఇచ్చారు, మిగతావాళ్లను అలాగే ఉంచారు. పదిసార్లు కలిసి ఆడాక చూస్తే, చిన్నవాళ్లతో ఆడినవాళ్లే తరగతిలో అందరికన్నా ఎక్కువగా కలివిడి అయ్యారు. కారణం మన ఇళ్లలో కనిపించేదే. చిన్నవాళ్ల ముందు వీళ్లు పెద్దవాళ్లు, దారి చూపే అవకాశం వస్తుంది.

ఈ అధ్యయనం చదివినప్పుడు నాకు మన ఏకోపాధ్యాయ పాఠశాలలు గుర్తొచ్చాయి. ఐదు తరగతులు ఒకే గదిలో ఉండటం చదువుకు ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు, దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆ గదికి ఉన్న సౌకర్యం పెద్ద బడులకు లేదు. రెండో తరగతి బిడియస్థుడికి ఒకటో తరగతి బుడతడిని జత చేయవచ్చు. ప్రాంగణంలోనే అంగన్‌వాడీ ఉన్న చోట, వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ పసివాళ్లకు గవ్వలాట నేర్పే పని మూడో తరగతిలోని మాట్లాడని పిల్లకు అప్పగించవచ్చు. దీనికి డబ్బు అక్కరలేదు. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది, బడి విద్యాశాఖది, కాబట్టి రెండు శాఖల అధికారులూ ఒక మాట అనుకుంటే చాలు.

ఆ మూలలో ఉపాధ్యాయులు ఎలా ఉండాలన్నది కూడా శిక్షణలో చేర్చమని మనవి. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ప్రశ్నలు తగ్గించాలి. "ఎన్ని పడ్డాయి? చెప్పు, చెప్పు" అనే బదులు "నీ కాయ పండడానికి దగ్గరకొచ్చేసింది" అని ఊరికే అంటూ ఉండాలి. అడిగితే ఐదారు సెకన్లు ఆగాలి. ఆ మౌనం మనకు బరువుగా ఉంటుంది, పిల్లకు ఆ సమయం కావాలి. "తను మాట్లాడదు మేడం" అని తోటి పిల్లలు అంటుంటారు. ఆ మాటను అక్కడే ఆపి "ఇప్పుడు వింటోంది, తనకు కావాల్సినప్పుడు చెబుతుంది" అనాలి, లేకపోతే అది ఆ పిల్ల పేరైపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి మాట వచ్చిన రోజున చప్పట్లు కొట్టించకూడదు. మన సంతోషం మనలోనే దాచుకోవాలి. అందరూ తలతిప్పి చూశారంటే ఆ రెండో మాట కోసం మళ్లీ నెలలు ఎదురుచూడాలి.

బిడియం అని మనం అనుకునేది కొన్నిసార్లు బిడియం కాదు. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి, కొలామి మాట్లాడే ఇంటి నుంచి, మన్యంలో సవర, కువి మాట్లాడే ఇంటి నుంచి, తండాలో లంబాడీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చే పిల్లకు తెలుగే కొత్త, ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు మాధ్యమం. ఆ పిల్ల మౌనంగా ఉందంటే వింటోందని అర్థం. కొత్త భాషలోకి అడుగుపెట్టే పిల్లలు చాలాకాలం విని, ఆ తర్వాతే పలుకుతారు. అలాంటి తరగతిలో గవ్వలకూ గింజలకూ భాష అడ్డు రాదు. ఆ ఇళ్లలో ఆడే ఆటనే అడిగి తెలుసుకుని బడిలో ఆడిస్తే, నియమాలు నేర్పేది ఆ పిల్లే అవుతుంది, నేర్చుకునేది మనమవుతాం.

ఇంకొందరు ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెల దాటినా ఒక్క మాట మాట్లాడకపోతే (బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదు) అది మొండితనం కాదు. వైద్యులు దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు, ఆందోళనకు సంబంధించిన సమస్యల్లో చేర్చారు. వీళ్ల విషయంలో పనిచేసే పద్ధతి కూడా గది లోపలి ఆటే. బడి వదిలాక ఖాళీ తరగతిలో పాప, వాళ్లమ్మ కూర్చుని ఆడుకుంటారు. నాలుగు గోడలు అవే, మనుషులు లేరు, అమ్మ ఉంది, కాబట్టి మాట వస్తుంది. టీచరు మొదట గుమ్మం బయట ఏదో సర్దుకుంటూ ఉంటుంది. మరో రోజు లోపలికి వచ్చి దూరంగా పుస్తకాలు దిద్దుకుంటుంది. ఇంకో రోజు దగ్గర కూర్చుంటుంది, తర్వాత ఆటలో ఒక చెయ్యి వేస్తుంది. అమ్మ నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. ఆపైన ఒక స్నేహితురాలు, తర్వాత ఇంకొకరు. మాట ఆగిపోతే ఒక అడుగు వెనక్కి. దీనికి కావాల్సింది తల్లిని బడిలోకి రానివ్వడం, ఉపాధ్యాయురాలికి కొన్ని సాయంత్రాలు వెసులుబాటు ఇవ్వడం. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల యాజమాన్య కమిటీలు ఉన్నాయి. తల్లులు బడిలోకి రావడానికి దారి ఇప్పటికే ఉంది.

ఆటతో అన్నీ నయమవుతాయని నేను చెప్పను. మాట్లాడని పిల్లకు వినికిడి లోపం ఉందేమో ముందు చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి వచ్చినప్పుడు పళ్లూ కళ్లూ చూపించడంతో సరిపెట్టకుండా ఈ పిల్లలను కూడా ముందుకు తీసుకురావాలి, అవసరమైతే వాళ్ల ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపించాలి. కుటుంబాలు 14416 టెలీ మానస్‌కు ఫోను చేసి మానసిక నిపుణులతో ఉచితంగా మాట్లాడవచ్చు. నిన్నటిదాకా గలగలమన్న పిల్ల ఉన్నట్టుండి మూగబోతే మాత్రం అది స్వభావం కాదు, ఏదో జరిగింది. అక్కడ ఆట కోసం ఆగకూడదు, కారణం వెతకాలి, అనుమానం ఉంటే పిల్లల సహాయ ఫోను నంబరు 1098కు చెప్పాలి.

పరీక్షల గురించి అధికారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలన్న కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతివాళ్లు కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. మంచి లక్ష్యమే. కానీ కొలిచే రోజున ఎవరో తెలియని మనిషి ఎదురుగా కూర్చుని, గడియారం చూస్తూ "చదువు" అంటాడు. నోరు పెగలని పిల్లకు ఆ నిమిషంలో సున్నా పడుతుంది. వాళ్ల పేరు పక్కన చదవడం రాదని రాస్తారు. చదవడం వచ్చు, ఆ మనిషి ముందు రాలేదు, అంతే. ఆ సున్నా ఆ పిల్లను వెనకబడిన గుంపులో కూర్చోబెడుతుంది, తెలిసిన అక్షరాలే మళ్లీ దిద్దిస్తుంది. ఆటల మూలలో పిల్ల బొమ్మకు కథ చదివి వినిపిస్తుండగా సొంత టీచరు గమనించి రాసిన నమోదును కూడా మూల్యాంకనంలో అంగీకరించండి. బడికి తనిఖీకి వచ్చినప్పుడు మీరు కూడా, లేపి పేరడిగే ముందు, ఆ మూలలో ఐదు నిమిషాలు చాప మీద కూర్చుని ఒక పందెం వేయండి. పిల్లలు మీకు చాలా చెబుతారు.

ఖర్చు విషయానికి వస్తే, గవ్వలు, చింతగింజలు, సుద్ద, పాత చీర, అట్టముక్కలు, గుడ్డబొమ్మలు. కేంద్రం 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో 3 నుంచి 8 ఏళ్లవారికి ఆట సామగ్రి విడుదల చేసింది. సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల వరకు క్రీడా పరికరాలకు ఇచ్చే వీలుంది. ఆ సొమ్ములో కొంత ఏటికొప్పాక లక్కబొమ్మలకు వెచ్చిస్తే, అంకుడు కర్రతో, సహజ రంగులతో చేసేవి కనుక రంగుల గురించి బెంగ తక్కువ, ఆ చేతివృత్తికీ నాలుగు రాళ్లు దక్కుతాయి. అసలు అడ్డంకి డబ్బు కాదు, స్టాక్ రిజిస్టర్. వచ్చిన బొమ్మ పోతే, విరిగితే ఎక్కడ లెక్క చెప్పాల్సి వస్తుందోనని సామగ్రి బీరువాలో తాళం కింద ఉండిపోతుంది. ఆ భయం ఉపాధ్యాయులది. ఆడుకుంటూ అరిగిన, విరిగిన, పోయిన వస్తువులకు ఎవరినీ బాధ్యులను చేయబోమని ఒక చిన్న సర్క్యులర్ ఇవ్వండి. ఆ ఒక్క కాగితంతో ఎన్నో బీరువాలు తెరుచుకుంటాయి.

ప్రైవేటు బడుల యాజమాన్యాలకూ ఇదే మాట. మీలో చాలామందికి మైదానం లేదు, అపార్ట్‌మెంటు లాంటి భవనంలో అంతస్తుకో తరగతి. అలాంటప్పుడు గది లోపలి ఆట మీకు మరింత అవసరం. నాలుగేళ్ల పిల్ల చేత గంటల కొద్దీ రాయించే బదులు అందులో ఒక గంట తీసి చాప పరవండి. వార్షికోత్సవంలో ప్రతి పిల్లా వేదిక ఎక్కాల్సిందే అన్న నియమాన్ని సడలించండి. తెర లాగే పని, బొమ్మ ఆడించే పని, దీపాలు చూసుకునే పని కూడా పాల్గొనడమే.

తల్లిదండ్రులకు చెప్పేందుకు నా దగ్గర ఒక్క విషయమే ఉంది. ఇంట్లో కూర్చుని ఆడే ఆట అంటే ఇవాళ ఫోను అయిపోయింది. ఫోను పిల్ల వంతు కోసం ఆగదు, ఓడితే ఓదార్చదు, ఎదురు మాట కోరదు. మాట్లాడాల్సిన అవసరమే లేని ఆట బిడియస్థులకు మరీ ఇష్టంగా ఉంటుంది, మాట అక్కడే ఆగిపోతుంది. రాత్రి అన్నాలయ్యాక పావుగంట అష్టాచెమ్మా వేయండి. చుట్టాలొస్తే "మామయ్యకు పద్యం చెప్పు" అని నిలబెట్టకుండా, ఆ మామయ్యకే ఒక చెయ్యి ఆట ఇవ్వండి.

విద్యాసంవత్సరం మొదట్లో టైంటేబుళ్లు ఖరారవుతాయి. ఆలోగా నేను కోరుతున్నవి ఇవి: మొదటి మూడు తరగతులకు రోజూ ఒక ఆటల పీరియడ్, దాన్ని వేరే పాఠానికి మళ్లించకూడదన్న ఆదేశం, ఆట వస్తువుల లెక్కపై సడలింపు, పాఠశాల సముదాయ (స్కూల్ కాంప్లెక్స్) సమావేశాల్లో ఒక పూట ఈ పిల్లల గురించి ఉపాధ్యాయులతో చర్చ. అన్ని బడుల్లో ఒకేసారి వీలుకాకపోతే ప్రతి మండలంలో కొన్ని బడులతో మొదలుపెట్టండి. వాటిలో ఒకటిగా మా బడిని తీసుకోండి. సంవత్సరమంతా నడిపి, ఏ ఆట ఎవరికి పనిచేసిందో, ఎవరికి పనిచేయలేదో రాసి మీకు అందజేసే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు